అర్ధరాత్రి తలుపు తట్టే అధికారం
(జస్టిస్ కోకా సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



కోకా సుబ్బారావు గారి పేరెత్తగానే న్యాయవాదులకు మొదట గుర్తొచ్చే తీర్పు గోలక్‌నాథ్. ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది న్యాయమూర్తులు ఆరుగురు ఇటు, అయిదుగురు అటుగా విడిపోయి చెప్పిన తీర్పు అది. పరీక్షల్లో అడిగేది అదే. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో సగం నిండేదీ దానితోనే. ఈ సాయంత్రం నేను దాన్ని పక్కన పెడుతున్నాను. అంతకు నాలుగేళ్ల ముందు, 1962 డిసెంబరు 18న, ఆయన మైనారిటీలో మిగిలిపోయిన కేసు ఒకటుంది. పోలీసులు అనుమానితుడని ముద్ర వేసిన ఉత్తరప్రదేశ్ మనిషి ఒకాయన, రాత్రి కంటి నిండా నిద్రపోయే హక్కు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కిన కేసు. సుబ్బారావు గారు రాసిన తీర్పులన్నిటిలోకీ అది గొప్పదని నా నమ్మకం. అందులో ఆయన అడిగిన ప్రశ్నకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ తిన్నని జవాబు రాలేదు. నేను చెప్పదలచుకున్నది ఈ సంగతే.

ఆయన జీవితం ఇక్కడున్న చాలామందికి తెలుసు కాబట్టి నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివి అక్కడే ప్రాక్టీసు పెట్టారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తెలుగువాళ్లలో ఆ పదవి చేపట్టిన మొదటి మనిషి.

ఇక కేసులోకి వద్దాం. కేసు వేసిన మనిషి పేరు ఖరక్ సింగ్. ఆయన మీద 1941లో బందిపోటు నేరం మోపారు. చాలినంత సాక్ష్యం లేదని వదిలేశారు. శిక్ష మాట అటుంచండి, విచారణ దాకా కూడా వెళ్లలేదు. కేసు పోయింది గానీ ఠాణాలో ఆయన పేరు మీద ఒక హిస్టరీ షీటు పుట్టింది. అది మాత్రం పోలేదు. రాత్రివేళ చౌకీదారో, కానిస్టేబుళ్లో వచ్చి గుమ్మం దగ్గర కేకలు వేస్తారని, తలుపు బాదుతారని, ఒక్కోసారి ఇంట్లోకే వచ్చేస్తారని, నిద్రలో ఉన్న మనిషిని లేపుతారని ఆయన ఫిర్యాదు. పొరుగూరు పోవాలంటే ముందుగా చౌకీదారుకు చెప్పాలి. ఎక్కడికి పోతున్నాడు, ఎప్పుడొస్తాడు అన్నీ చెప్పాలి. ఆ ఊరి ఠాణాకు కబురందుతుంది. అక్కడా ఆయన వెంట కళ్లుంటాయి.

దీనికంతటికీ ఆధారం ఉత్తరప్రదేశ్ పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన. నిఘా అంటే ఏమిటో అది వివరంగా రాసి పెట్టింది. అనుమానితుడి ఇంటి దగ్గర, ఇంటికొచ్చే దారుల్లో గుట్టుగా కాపలా పెట్టొచ్చు. రాత్రిళ్లు ఇంటికెళ్లి చూడొచ్చు. అతని అలవాట్లు, సహవాసాలు, రాబడి, ఖర్చు, చేసే పని గురించి ఎస్ఐ స్థాయికి తగ్గని అధికారి ఎప్పటికప్పుడు వాకబు చేయొచ్చు. ఎప్పుడు ఊళ్లో ఉన్నాడో, ఎప్పుడు లేడో కానిస్టేబుళ్లు, చౌకీదార్లు రాసి పంపాలి. ఎక్కడికెళ్లాడో అక్కడి ఠాణాకు చీటీ పంపి సరిచూసుకోవాలి. పోగైన సమాచారమంతా షీటులోకి ఎక్కించాలి. ఇదేదీ శాసనసభ చేసిన చట్టం కాదు. శాఖ నడవడానికి ప్రభుత్వం తన పోలీసులకు తాను ఇచ్చుకున్న ఉత్తర్వులివి. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి. ఈ ఉపన్యాసం చివర్లో మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఆరుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. నలుగురి పక్షాన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ తీర్పు రాశారు. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదని ఆ నలుగురూ ఒప్పుకున్నారు. ఇంట్లో నిద్రపోయే మనిషిని వెళ్లి లేపడం 21వ అధికరణ ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛకు భంగమని, దాని వెనక చట్టమేదీ లేదు కాబట్టి అది నిలవదని కొట్టేశారు. అంతవరకు మంచి తీర్పే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. గుట్టుగా కాపలా కాస్తే మనిషి నడకకు అడ్డేమిటి అన్నారు. కాళ్లను ఎవరూ కట్టేయలేదు కదా, తిరగొద్దని ఎవరూ అనలేదు కదా, మనసులో కలిగే బెరుకు రాజ్యాంగం చూసుకోవాల్సిన విషయం కాదు అన్నారు. గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని రాసేశారు. 236వ నిబంధనలో ఒక్క ఉపనిబంధన పోయింది, మిగిలినవన్నీ నిలబడ్డాయి.

సుబ్బారావు గారు, జస్టిస్ జె.సి. షా కలిసి వేరే తీర్పు ఇచ్చారు. రాసింది సుబ్బారావు గారు. పెద్ద తీర్పేమీ కాదు, ఒక్క బిగిన చదివేయొచ్చు. విద్యార్థులు ఈ రాత్రికి ఇంటికెళ్లి చదవాలని నా కోరిక. నిబంధన మొత్తం చెల్లదని ఆయన తేల్చారు. దాన్ని ముక్కలుగా విడదీసి ఈ ముక్క మంచిది, ఆ ముక్క చెడ్డది అనడానికి ఆయన ఒప్పుకోలేదు. కాపలా, వాకబు, చీటీ, రాత్రి తనిఖీ అన్నీ కలిస్తేనే నిఘా. మనిషి మీద పడే బరువు అన్నిటిదీ కలిపి. ఎవరో చూస్తున్నారని తెలిసిన మనిషి నడక స్వేచ్ఛగా నడిచే నడక కాదని, అలాంటివాడికి దేశమంతా జైలైపోతుందని ఆయన అన్నారు. మనిషిని అడ్డుకునేవి గోడలూ సంకెళ్లూ మాత్రమే కావు, మనసు మీద పడే ఒత్తిడీ అడ్డే. ఒక్కోసారి అదే ఎక్కువ పనిచేస్తుందని ఆధునిక శాస్త్రం చూపిస్తోందని రాశారు.

అందులో ఆయన చూపిన ఉదాహరణ నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. జైల్లో ఉన్న ఖైదీని చూడటానికి భార్యో, కొడుకో, స్నేహితుడో వస్తారు. పక్కన కాపలావాడు నిలబడి ఉంటాడు. ఖైదీ మాట్లాడొచ్చు, ఎవరూ కాదనరు. కానీ మనసులో ఉన్నది మాట్లాడగలడా? నిఘా కింద బతికే మనిషి తన ఇంట్లో తనవాళ్లతో మాట్లాడే మాట కూడా అలాంటిదేనని, అందువల్ల సంచార స్వేచ్ఛ ఒక్కటే కాకుండా వాక్స్వాతంత్ర్యమూ దెబ్బతింటుందని ఆయన వాదన. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, రాజ్యాంగం ఆ మాటను పేరుపెట్టి చెప్పకపోయినా ఆ స్వేచ్ఛ లోపలే అది ఉందని తేల్చారు. మన దేశపు సుప్రీంకోర్టులో ఆ హక్కును అంత సూటిగా నిలబెట్టిన మొదటి తీర్పు ఇదే. నిలబెట్టిందీ ఒక పత్రికాధిపతి కోసమో, ఒక సంపన్నుడి కోసమో కాదు. బందిపోటు అని పోలీసులు అనుమానించిన ఒక ఊరి మనిషి కోసం.

ఇంకో సంగతి ఉంది. చట్టం చదివేవాళ్లకు దాని విలువ ఎక్కువ. 1950లో ఎ.కె. గోపాలన్ కేసు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఆయన. ముందస్తు నిర్బంధ చట్టాన్ని సవాలు చేశారు. మెజారిటీ న్యాయమూర్తులు ప్రాథమిక హక్కుల అధికరణలను వేరు వేరు గదులుగా చూశారు. 21వ అధికరణ గదిలో చట్టం, అది చెప్పిన పద్ధతి ఉంటే చాలు. ఆ చట్టం న్యాయంగా ఉందా లేదా, వాక్కు, సంచారం వంటి స్వేచ్ఛలిచ్చే 19వ అధికరణ ఏమంటుంది అని అడగనక్కర్లేదు. జస్టిస్ ఫజల్ అలీ ఒప్పుకోలేదు. ఈ హక్కులన్నీ ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయని అన్నారు. పన్నెండేళ్ల తర్వాత ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు పట్టుకున్నది సరిగ్గా ఆ దారినే. 21వ అధికరణను దాటే చట్టం 19నీ దాటాలి అన్నారు. ఇద్దరూ ఆ రోజుకు ఓడిపోయినవాళ్లే.

ఆయన పదవిలో ఉన్న చివరి రోజుల్లో ఆ దారికి ఒక గెలుపు దొరికింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయమని అధికారులు ఆదేశించారు. అప్పటికి మనిషికి పాస్‌పోర్టు ఇవ్వాలో వద్దో, వెనక్కి తీసుకోవాలో వద్దో చెప్పే చట్టం దేశంలో లేదు. అంతా అధికారుల ఇష్టం. ఏ చట్టం కింద అడుగుతున్నారని సుబ్బారావు గారు నిలదీశారు. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని లాగేసుకోవడం కుదరదని ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా తీర్పు వచ్చింది. తేదీ 1967 ఏప్రిల్ 10. పార్లమెంటు అదే ఏడు పాస్‌పోర్టుల చట్టం చేయాల్సి వచ్చింది. ఇవాళ గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లే లక్షల మంది తెలుగువాళ్ల జేబులో ఉన్న పాస్‌పోర్టు అధికారి దయ మీద కాక చట్టం మీద నిలబడి ఉందంటే దాని వెనక రాజమండ్రి మనిషి అడిగిన ఆ ప్రశ్న ఉంది. మర్నాడే, ఏప్రిల్ 11న, రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడటానికి ఆయన రాజీనామా చేశారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠం మీంచి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం సరికాదన్నది నా అభిప్రాయం. ఆయన మీద ఉన్న గౌరవం ఆ మాట చెప్పకుండా నన్ను ఆపలేదు.

1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు గోపాలన్ నాటి గదుల గోడలను పడగొట్టింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకెళ్లింది. అది కూడా పాస్‌పోర్టు కేసే. ప్రజాప్రయోజనం కోసమని చెప్పి, కారణాలు చెప్పకుండా పాస్‌పోర్టు జప్తు చేశారు. చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం చెప్పే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలి అని కోర్టు తేల్చింది. ఖరక్ సింగ్ కేసులో మైనారిటీ చెప్పిందే సరైన న్యాయమని ఆ తీర్పులో జస్టిస్ భగవతి ఒప్పుకున్నారు. పదిహేనేళ్లు పట్టింది.

ఈ రెంటి నడుమ ఎమర్జెన్సీ ఉంది. 1975 జూన్ 27న 14, 21, 22 అధికరణల అమలు కోసం కోర్టుకు వెళ్లే హక్కును రాష్ట్రపతి ఉత్తర్వుతో నిలిపేశారు. అక్రమంగా నిర్బంధించారంటూ వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్లను హైకోర్టులు వింటామన్నాయి. తొమ్మిది హైకోర్టులు ఖైదీల పక్షాన నిలిచాయి. అవన్నీ కలిసి సుప్రీంకోర్టుకు వచ్చినదే ఏడీఎం జబల్పూర్ కేసు. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేను అడిగారు. పోలీసు అధికారి ఒకరు సొంత పగతో ఎవరినైనా చంపేస్తే కూడా దారి లేదా అని. ఎమర్జెన్సీ ఉన్నంతవరకు తన వాదన ప్రకారం లేదు అని జవాబు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ఆ జవాబును ఒప్పుకున్నారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి జనవరిలో ఆయన్ని దాటేసి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు.

సుబ్బారావు గారు 1976 మే 6న కన్నుమూశారు. ఆ తీర్పు వచ్చి ఎనిమిది రోజులు. స్వేచ్ఛ విషయంలో ఆయన రాసిందంతా వృథా అయిపోయిందని అనిపించే కాలంలో ఆయన పోయారు. 1978లో 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలోనైనా 20, 21 అధికరణలను నిలిపేయడం కుదరదని రాజ్యాంగంలోనే రాసింది. అది ఆయన చూడలేదు. మేనకా గాంధీ తీర్పూ చూడలేదు.

ఖరక్ సింగ్ మైనారిటీ తీర్పు దేశంలో ఎన్ని కోర్టుల్లో తిరిగిందో చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. కొన్ని మాత్రం, ముఖ్యంగా మన నేలకు దగ్గరవి, చెబుతాను. మధ్యప్రదేశ్ పోలీసు నిఘా నిబంధనల మీద 1975లో వచ్చిన గోవింద్ కేసులో జస్టిస్ మాథ్యూ గోప్యత హక్కు ఉందనుకుని ముందుకెళ్లారు గానీ నిబంధనలను కొట్టేయలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు పంజాబ్ నుంచి మలక్ సింగ్ కేసు వచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, మనవారే. నేరం జరగకుండా చూడటం పోలీసుల విధి, దానికి కొంత కన్నేసి ఉంచడం తప్పదు, కానీ ఆ కన్ను పౌరుడి స్వేచ్ఛను పిండేసేంత దగ్గరికి రాకూడదు, అతని పరువును తీసేలా ఉండకూడదు అన్నది దాని సారం. 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిత కేసులో ఇచ్చిన తీర్పు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వడం ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కును, గోప్యతను కాలరాయడమేనని హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌ను ఆయన కొట్టేశారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. నా దృష్టిలో చౌదరి గారిదే సరైన తీర్పు. నిఘా కేసులో పుట్టిన హక్కును ఇంటి లోపలి స్త్రీ దగ్గరికి తీసుకెళ్లిన తెగువ అది.

బ్యాంకుల దగ్గరున్న పత్రాలను ఎవరినైనా పంపి తనిఖీ చేయించే, స్వాధీనం చేసుకునే అధికారాన్ని స్టాంపుల చట్టానికి రాష్ట్ర సవరణ చేసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకుంది. ఆ కేసులో, కెనరా బ్యాంకు కేసులో, 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదంది. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, చోటును కాదు. నా కాగితం నా బీరువాలో ఉన్నా బ్యాంకు బీరువాలో ఉన్నా అది నాదే. ఇవాళ మన ఫోటోలు, లెక్కలు, మందుల చీటీలు ఎవరెవరి కంప్యూటర్లలోనో ఉంటున్న రోజుల్లో ఈ తీర్పు మరింత అవసరం.

చివరికి 2017 వచ్చింది. ఆధార్‌ను సవాలు చేసిన పుట్టస్వామి కేసులో కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక వాదన తెచ్చింది. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది, 1962లో ఖరక్ సింగ్ కేసులో ఆరుగురు న్యాయమూర్తులు గోప్యత హక్కు లేదన్నారు, ఆ తర్వాత చిన్న ధర్మాసనాలు ఉందన్నా చెల్లదు అన్నది ఆ వాదన. యాభై ఏళ్ల కిందట సుబ్బారావు గారు ఓడిపోయిన రోజునే ప్రభుత్వం ఆయుధంగా పట్టుకుంది. తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చున్నారు. అందులో మన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాట అన్నారు. గోప్యత ప్రాథమిక హక్కు. ఆ హక్కు లేదన్నంత మేరకు ఆ రెండు పాత తీర్పులూ రద్దు. జస్టిస్ నారిమన్ ముగ్గురి అసమ్మతి తీర్పులను పేరుపేరునా తలచుకున్నారు: ఫజల్ అలీ, సుబ్బారావు, ఖన్నా. జస్టిస్ చంద్రచూడ్ ఏడీఎం జబల్పూర్‌ను రద్దు చేశారు. ఆనాటి నలుగురిలో ఒకరు ఆయన తండ్రి.

ఇక నుంచి గోప్యతలోకి రాజ్యం అడుగు పెట్టాలంటే మూడు గడపలు దాటాలని ఆ తీర్పు నిర్ణయించింది. దానికి చట్టం ఉండాలి. సక్రమమైన ప్రయోజనం ఉండాలి. ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతే తీసుకోవాలి, మించకూడదు. మొదటి గడప 1962లో సుబ్బారావు గారు పెట్టినదే.

కమ్యూనిస్టు మిత్రులు ఆయన మీద ఒక ఆక్షేపణ చెబుతుంటారు. దాన్ని దాటేసి పోను. గోలక్‌నాథ్ కేసు పంజాబ్‌లో భూపరిమితి మీద వచ్చింది. వందల ఎకరాలున్న కుటుంబం వేసిన కేసది. ఆస్తి హక్కును కాపాడబోయి భూసంస్కరణలకు అడ్డుపడ్డారన్నది ఆక్షేపణ. అందులో నిజం ఉంది. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్‌ను పక్కనబెట్టి మెజారిటీతో రాజ్యాంగ మౌలిక స్వరూపం దారి ఎంచుకుంది, ఆ దారే మెరుగైందని నేనూ అంటాను. అయితే ఆయన్ని భూస్వాముల న్యాయమూర్తిగా కట్టేయడానికి ఖరక్ సింగ్ ఒప్పుకోదు. రాజ్యం ఎదుట నిలబడ్డవాడు వందల ఎకరాల ఆసామి అయినా, పేరు చెడిన పల్లెటూరి మనిషి అయినా ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: ఏ చట్టం కింద?

ఇప్పుడు ఆ ప్రశ్నను మన ఊళ్లకు తీసుకొద్దాం. రౌడీ షీటు అన్న మాట తెలియని తెలుగువాడు ఉండడు. సినిమాల్లో విన్నాం, పత్రికల్లో రోజూ చదువుతున్నాం. రౌడీ షీటు, సస్పెక్ట్ షీటు, హిస్టరీ షీటు ఇవన్నీ ఎక్కడ పుట్టాయి? పోలీసు స్టాండింగ్ ఆర్డర్లలో. రౌడీ షీట్ల సంగతి చెప్పేది 601వ ఆర్డరు. శాసనసభ దాన్ని ఎన్నడూ చర్చించి ఆమోదించలేదు. ఉత్తరప్రదేశ్ 236కు, మన 601కి పుట్టుకలో తేడా లేదు.

షీటు తెరిచాక ఏమవుతుందో ఈ గదిలోని క్రిమినల్ లాయర్లకు నేను చెప్పాలా? ఆదివారం ఆదివారం కౌన్సెలింగ్ పేరుతో స్టేషన్‌కు రమ్మంటారు. ఎన్నికలొస్తే బైండోవర్. వినాయక నిమజ్జనానికి బైండోవర్. పెద్ద నాయకుడెవరైనా వస్తే ముందు రోజే స్టేషన్లో కూర్చోబెట్టడం. రాత్రి ఇంటికొచ్చి ఉన్నాడా లేడా చూసి పోవడం. నా దగ్గరికొచ్చిన ఒక ఆటో డ్రైవరు మీద ఇరవైల వయసులో రెండు కొట్లాట కేసులు పెట్టారు. రెండూ కొట్టేశారు. ఆయన కూతురి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు రెండో మాటు రాలేదు. వీధిలో ఎవరో చెప్పారట, వాళ్ల నాన్న రౌడీషీటరని. కోర్టు నిర్దోషి అంది, షీటు మాత్రం అలాగే ఉంది. నేర చరిత్రంటూ ఉంటే దాన్ని చెప్పాల్సింది న్యాయస్థానం కదా, స్టేషన్లో ఒక ఫైలు ఎలా చెబుతుంది?

ఒకటి రెండు కేసులున్నంత మాత్రాన ఎవరూ అలవాటుగా నేరం చేసేవాళ్లు కారని మన హైకోర్టు పలుమార్లు చెప్పింది. షీటు కొనసాగించాలంటే కారణాలు రాయాలని చెప్పింది. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం ఇంకా సూటిగా మాట్లాడింది. స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని, పుట్టస్వామి తీర్పు తర్వాత చట్టం లేకుండా రౌడీ షీట్లు తెరవడం, కొనసాగించడం, ఫోటోలు వేలిముద్రల కోసం స్టేషన్‌కు పిలవడం, రాత్రివేళ ఇళ్లకు పోవడం కుదరదని చెప్పింది. ఒక్క న్యాయమూర్తి చెప్పిన తీర్పది, అంతిమం అనను. కానీ అది చదువుతుంటే 1962 నాటి మైనారిటీ తీర్పు గొంతు వినిపించింది. చట్టం చేయడం శాసనసభ పని. చేయలేదు.

2024 మే 7న సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిలో ఇంకో సంగతి ఎత్తింది. వెనకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాల వాళ్ల పేర్లు కులాన్ని బట్టి యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయని గమనించి, అన్ని రాష్ట్రాలూ తమ విధానాలను సరిచూసుకోవాలని చెప్పింది. మనకు ఇది కొత్త కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ స్టూవర్టుపురం, సుబ్బారావు గారు ఒకప్పుడు మునసబుగా కూర్చున్న బాపట్లకు కూతవేటు దూరం. పుట్టుకతోనే నేరస్తులని రాసిన పుస్తకం మూశారు. ఆ అలవాటు మాత్రం స్టేషన్ రిజిస్టర్లలో బతికే ఉంది. అనుమానం ఎవరి మీద పడుతుందో చూస్తే మన సమాజం ఎలాంటిదో తెలుస్తుంది. అందుకే ఈ హక్కును చదువుకున్నవాళ్ల సౌకర్యంగా చూడొద్దని నేను పదే పదే అంటాను.

పోలీసు అధికారులైన నా స్నేహితులు నాతో వాదిస్తారు. ఊళ్లో కత్తి పట్టుకు తిరిగేవాడి మీద కన్నేయకపోతే రేపు శవం లేచాక మమ్మల్నే అడుగుతారు అంటారు. సబబైన మాట. కన్నేయొద్దని సుబ్బారావు గారూ అనలేదు. ఎవరి మీద, ఏ ఆధారంతో, ఎన్నాళ్లు, ఎవరు నిర్ణయించి, ఎవరికి జవాబు చెబుతూ అన్నది చట్టంలో రాయమన్నారు. అలా రాస్తే నిజాయితీగా పనిచేసే ఎస్ఐకి కూడా రక్షణే. రాజకీయ నాయకుడు ఫోన్ చేసి ఫలానావాడి మీద షీటు తెరవమన్నప్పుడు చూపించడానికి అతని చేతిలో ఒక చట్టం ఉంటుంది.

పైగా 236వ నిబంధన నాటి చౌకీదారు ఇప్పుడు లేడు. హైదరాబాద్ నాలుగు రోడ్ల కూడలిలో కెమెరా ఉంది. 2021లో నగరంలో పోలీసులు బాటసారులను ఆపి ఫోన్లు అడిగి వాట్సాప్ సందేశాలు చూసిన వీడియోలు మనందరం చూశాం. బస్తీల్లో కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారకముందే ఇంటింటి తలుపూ తడుతున్నారు. సంపన్నులుండే కాలనీల్లో ఎన్నిసార్లు తట్టారో మీరే చెప్పండి. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికతను ఏ చట్టం కింద వాడుతున్నారని అడిగే ప్రజాప్రయోజన వ్యాజ్యం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. 2022లో పార్లమెంటు చేసిన గుర్తింపు చట్టం వేలిముద్రలతో పాటు కంటిపాప ముద్రలు, జీవ నమూనాలు తీసుకోవచ్చంది, ఆ రికార్డులను 75 ఏళ్లు ఉంచొచ్చంది. చట్టం అయితే వచ్చింది. అయినా ఒక మనిషి జీవితకాలమంత గడువు మూడో గడప ఎలా దాటుతుంది?

రెండు రాష్ట్రాల శాసనసభలకు నా విన్నపం: నిఘా మీద ఒక చట్టం చేయండి. షీటు తెరవడానికి కారణాలు రాయాలి, ఆ మనిషికి తెలియజేయాలి, గడువు ఉండాలి, గడువు తీరితే దానంతటదే మూతపడాలి, కాదనుకుంటే న్యాయాధికారి ముందు అప్పీలు ఉండాలి. ఖర్చు లేని పని ఇది. కావలసింది రెండు రోజుల సభా సమయం, కాస్త మనసు.

బార్‌లోని యువ మిత్రులకు ఇంకో మాట. మీ కక్షిదారు నిర్దోషిగా బయటపడగానే తీర్పు నకలు చేతికిచ్చి పంపేయకండి. అతని మీద షీటు ఉందేమో అడగండి. ఉంటే ఆ నకలు జత చేసి, షీటు మూసేయమని జిల్లా ఎస్పీకి, నగరమైతే కమిషనర్‌కు అర్జీ రాయండి. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయండి. ఈ ఒక్క పనికి దయచేసి ఫీజు తీసుకోకండి.